వెడల్పు తలుపున్న గది

రిసార్టు లాబీల్లో సోఫాలు అంత లోతుగా ఎందుకు చేయిస్తారో ఆమెకు తెలుసు. కూర్చున్న మనిషి మళ్ళీ లేచి వచ్చి ఏమీ అడక్కుండా ఉండటానికి. అందుకే సోఫాల జోలికి పోకుండా, గోడవారగా ఉన్న చెక్క కుర్చీ చూసుకుని, ఎడమ కాలు ముందుకు చాపి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్కణ్ణుంచి రిసెప్షను బల్ల, లిఫ్టు, చేపల తొట్టి, అద్దాల తలుపు అన్నీ కనిపిస్తాయి. భర్త బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ వీపు చదవడం ఆమెకు బాగా వచ్చు. భుజాలు ముడుచుకుని, మెడ ఒక పక్కకి వాల్చాడంటే ఎవరినో ఏదో అడగలేక నీళ్ళు నములుతున్నాడన్నమాట. భోజనానికి వెళ్తే అడిగింది ఒకటీ తెచ్చింది ఇంకొకటీ అయినా మారుమాట లేకుండా తినేసి, పైగా బాగుందని చెప్పి వచ్చే మనిషి. అలాంటివాడికి గది సంగతి అప్పజెప్పడం తనది బుద్ధి తక్కువ. ఫోను తనే చేస్తానంది. వద్దు, నువ్వు గొడవ పెట్టుకుంటావు, నేను చెప్తాలే అన్నాడు. చెప్పారా అంటే చెప్పానన్నాడు. చెప్పే ఉంటాడు. కానీ ఏమని చెప్పాడు?

ఏమని అన్న ప్రశ్నే ఆమెకు ఇన్నాళ్ళూ తిండి పెట్టింది. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. నడుం విరిగిందన్నవాడు నిజంగా మంచం మీదే ఉన్నాడా, తగలబడిపోయిందన్న కొట్టులో అంతకుముందు అసలు సరుకుందా, కూపీ లాగి తేల్చాలి. ఆఫీసులో ఆమెకి భూతద్దం అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకి తెలియదనుకుంటారు వెర్రివాళ్ళు, తెలుసుకోలేని మనిషైతే ఆ పేరెందుకు పెడతారు? కాగితం సరిగ్గా లేకపోతే ఒంటికాలి మీద లేస్తుందిరా బాబూ ఆవిడ, అని కూడా అనుకునేవాళ్ళు. రెండేళ్ళ కిందట, ఆఫీసు గేటు ముందు, ఒక లారీ వెనక్కి వస్తూ వస్తూ ఆమె స్కూటర్నీ ఆమె ఎడమ కాలినీ కలిపి గోడకేసి నొక్కేసింది. అప్పట్నుంచీ ఆ మాట మాత్రం అందరి నోళ్ళలోంచీ తుడిచిపెట్టుకుపోయింది. భర్త సంగతి మరీను. బయట కాలు పెట్టేసరికి వాన అనాల్సిన చోట, బయటికి వెళ్ళేసరికి అంటాడు. కాలు నిలవదని అనడు, కాలు మీద కాలేసుకుని అనడు. ఒకసారి కాలక్షేపం అనబోయి సగంలో ఆగి దగ్గాడు. కాలానికీ కాలికీ చుట్టరికం లేదండీ మహానుభావా అందామనుకుని, ఆయన మొహం చూసి ఊరుకుంది. చుట్టాలెవరైనా ఫోన్లో అడిగితే, ఆ, పర్వాలేదు, కొంచెం నడక ఇబ్బంది, అంటాడు. పక్క గదిలో కూర్చుని వింటూ, నడక ఇబ్బంది అట, అనుకునేది. చెప్పు కరిచినా నడక ఇబ్బందే కదా.

అద్దాల తలుపు తెరుచుకుంది. ముందు ఇద్దరు కవల ఆడపిల్లలు, వాళ్ళ వెనక సంచులు మోస్తూ తల్లి, ఆ వెనక నల్లకళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకున్న తండ్రి ఒక చక్రాల కుర్చీని తోసుకుంటూ వచ్చాడు. కుర్చీలో ముసలావిడ. వాళ్ళ రాక చూడగానే రిసెప్షనులో అమ్మాయి మొహం వికసించింది, తమకి రాని పళ్ళరసం గ్లాసులు వాళ్ళకి పళ్ళెంలో వచ్చాయి. రావా మరి. చక్రాలున్నాయి, కవలలున్నారు. ఆమె కళ్ళు మామూలుగానే కుర్చీ వెనక్కి పోయాయి. అక్కడ రిసార్టు పేరే అచ్చేసి ఉంది. అంటే వాళ్ళ సొంతం కాదు, గుమ్మం దగ్గర అడిగి తీసుకున్నది. ఇంట్లో కుర్చీ లేని మనిషికి ఇక్కడ దిగగానే కుర్చీ ఎందుకు అవసరమైంది? ముసలావిడ కాళ్ళకి లేసులు కట్టిన బూట్లు, వాటి మడమలు ఒక పక్కకి అరిగి ఉన్నాయి. నడవని మనిషి బూట్లు అరగవు. ఆమె సంచీ మీద వేళ్ళు బిగించింది. సరిగ్గా అప్పుడే కవలల్లో ఒకతి చేపల తొట్టిలో చెయ్యి పెట్టబోవడం, తల్లి ఇటు సంతకం చేస్తుండటం, తండ్రి ఫోన్లో ఉండటం, ముసలావిడ లేవడం, లేచి చకచకా నాలుగంగలు వేసి పిల్ల చెయ్యి వెనక్కి లాగి, ఒక్కటి వేసి, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుని ఒళ్ళో దుప్పటి సర్దుకోవడం జరిగిపోయాయి. ఎవరూ చూడలేదు. ఆమె చూసింది. దొరికావు తల్లీ, అనుకుంది. ఆ అనుకోవడంలో పాత రుచేదో ఉంది. ఫైలు మూసేముందు పెదాల మీదికి వచ్చే రుచి.

భర్త ఇంకా నీళ్ళు నములుతూనే ఉన్నాడు. అమ్మాయి లోపలికి వెళ్ళింది, వచ్చింది, ఇంకో అబ్బాయితో చెవిలో ఏదో అంది. ఇద్దరూ కలిసి ఇటు చూశారు. ఆమె కాళ్ళ వైపే చూశారు. ఏం కనిపిస్తుంది వాళ్ళకి? బట్టల మాటున రెండు కాళ్ళు, రెండు చెప్పులు. మోకాలికి పైనుంచీ తొడుక్కున్న పెట్టుడు కాలు మంచిదే కొనిపించాడు భర్త. చూసినవాళ్ళకి తెలియకూడదని దుకాణంలో అదొక్కటే పదిసార్లు అడిగాడు. తెలియకపోవడమే ఆమెకి శాపమైంది. ఆ మధ్య రైల్లో, నడవలేనివాళ్ళకి అని రాసి ఉన్న సీట్లో కూర్చుంటే, ఎదురుగా నిలబడ్డ ఒకావిడ కూరగాయల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, మీకేమైందమ్మా, చూస్తే దుక్కలా ఉన్నారే, అంది. పెట్టెలో అందరూ విన్నారు. ఆమె బట్ట మోకాలి దాకా ఎత్తి చూపించింది. ఆవిడ కిటికీలోకి తల తిప్పుకుంది. పెట్టె అంతా కిటికీల్లోకి తిప్పుకుంది. దిగేదాకా ఒక్కరూ ఆమె వైపు చూడలేదు. అప్పుడు చూపించకుండా ఉండాల్సిందా? లేచి నిలబడితే పోయేదా? ఆ సంగతి భర్తకి చెప్పలేదు. చెబితే అన్నం తినడు.

లేని కాలి బొటనవేలు దురద పెడుతోంది. ప్రయాణాల్లో ఎక్కువ పెడుతుంది, పాపం దానికీ కొత్తచోట్లు చూడాలని ఉంటుందేమో. గోక్కోవడానికి ఏమీ లేదు కాబట్టి సంచీ పట్టీ గోకింది. పోయినేడు ట్రైనింగని ఆమెని వేరే ఊరు పంపితే తోడుగా భర్తా వచ్చాడు. ఆ హోటల్లో స్నానాల తొట్టి ఉంది, తెల్లగా, పడవలా, అంచు తొడ దాకా. స్నానానికి కాలు విప్పేయాలి కదా. విప్పి గుమ్మంలో నిలబెట్టి, గోడ పట్టుకుని కుప్పిస్తూ వెళ్ళి, అంచు మీద కూర్చుని ఒక కాలు లోపల వేసింది, రెండోది వేయబోయింది. రెండోది వేయబోవడమే తప్పు. మెదడుకి ఇప్పటికీ లెక్క తెలియదు. దబ్బున పడ్డ చప్పుడుకి భర్త లోపలికి వచ్చాడు. తలుపు ఇరుకు, తనని ఎత్తుకుని పక్కవాటుగా బయటికి రాలేక, ఇద్దరూ ఆ తడినేల మీదే చాలాసేపు కూర్చుండిపోయారు. సబ్బు మీద జారినట్టున్నావు, అన్నాడు ఆయన. అవును, సబ్బే, అంది. సబ్బు ఇంకా కాగితం కూడా విప్పలేదు, గూట్లోనే ఉంది. ఇద్దరూ దాని వైపు చూడలేదు. అందుకే ఈసారి, నాలుగు రోజులు సముద్రం గాలి పీల్చుకుందాం అని ఆయన అన్నప్పుడు, వస్తాను, కానీ గది అడగండి, ఆ గది, తలుపు వెడల్పుగా ఉండి, స్నానాలగదిలో మెట్టూ తొట్టీ లేకుండా, కూర్చోడానికి పీటా పట్టుకోడానికి కడ్డీలూ ఉండే గది, ప్రతి రిసార్టులోనూ ఉంటుంది, అడిగినవాళ్ళకే ఇస్తారు, అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

భర్త వస్తున్నాడు. ఒక గ్లాసు పళ్ళరసం సంపాదించాడు, దాన్నే విజయంలా పట్టుకుని వస్తున్నాడు.

"తాగు. చల్లగా ఉంది."

"గది?"

"చూస్తున్నారట."

"ఏం చూస్తున్నారు? ఉందా, లేదా?"

"చూస్తున్నారన్నానుగా. రద్దీగా ఉందట ఇవాళ."

"మీరు ఫోన్లో ఏమని చెప్పారు?"

"చెప్పాన్లే."

"అదే, ఏమని?"

"అవసరం అని."

"అవసరమా? ఎవరికి లేదండీ అవసరం? అదిగో, ఆ చేపలకీ ఉంది."

ఆయన నవ్వాడు. నవ్వకుండా ఉంటే నమ్మేదేమో. అలా నవ్వాడంటే లోపల ఏదో దాస్తున్నాడు. ఆ నవ్వు ఆమె వందసార్లు చూసింది, బల్లకి అటుపక్క, కాగితాలు ఇంట్లో మర్చిపోయానండీ అనేవాళ్ళ మొహాల మీద. ఆయన మళ్ళీ బల్ల దగ్గరికి పోయి, అక్కడ ఊరికే నిలబడలేక ఇటు నాలుగడుగులూ అటు నాలుగడుగులూ తిరుగుతున్నాడు, కాలు కాలిన పిల్లిలాగా. ఆ మాట కూడా ఆయన అనడు ఇప్పుడు. పోయిన్నెల పక్కింటాయన గురించి చెబుతూ, అటూ ఇటూ తిరుగుతున్నాడు, అదేదో పిల్లిలాగా, అని వదిలేశాడు. ఇంట్లో మాటలు ఒక్కొక్కటే ఎవరో పట్టుకుపోతున్నట్టుంది. మొదట నీ కాలు అనేవాడు ఆస్పత్రిలో, తర్వాత దెబ్బ అన్నాడు, తర్వాత అది, ఇప్పుడు అది కూడా లేదు, చూపు ఒకసారి అటు తిప్పి వెనక్కి తీసుకుంటాడు, అంతే. సిగ్గా? భార్య కుంటిదని చెప్పుకోవడానికి సిగ్గా? ఆ అనుమానం ఆమెకి ఇంటి దగ్గరే ఉంది, పెట్టెలో బట్టలతోపాటు సర్దుకుని తెచ్చుకుంది. నాలుగు రోజుల సముద్రం కూడా ఎందుకో. తన కోసమా, లేక ఇంట్లో తన టక్కు టక్కుమనే నడక వినలేక ఆయనకే ఎటైనా పోవాలనిపించిందా?

"సార్, మీ గది తయారైంది."

అమ్మాయి గొంతు లాబీ అంతా వినిపించింది. అప్పుడే కళ్ళద్దాలాయన చేతిలోనూ రెండు తాళం కార్డులు పడ్డాయి. ఆమె లేచింది. పెట్టుడు కాలి మోకాలు తాళం పడేదాకా ఆగి, నిలదొక్కుకుని, ఎవరినీ తొందరపెట్టకుండా, తొందరపడకుండా బల్ల దాకా నడిచింది.

"మూడో అంతస్తు మేడమ్. సార్ అడిగినట్టే లిఫ్టు పక్కనే ఇచ్చాం."

"స్నానాలగదిలో తొట్టి ఉందా?"

"ఉంది మేడమ్, పెద్దది," అంది అమ్మాయి సంబరంగా.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్నది ఒక్క అరికాలే, అయినా మంటకేం తక్కువ కాలేదు, లేని అరికాలు కూడా సాయం వచ్చింది. వెడల్పు తలుపున్న గది అడిగాం, తొట్టి లేనిది అడిగాం, అంది. అమ్మాయి కంప్యూటరు తెర వైపు చూసి, భర్త వైపు చూసి, మళ్ళీ తెర వైపు చూసింది. నవ్వు ఇంకా పోలేదు కానీ కొంచెం వాడింది.

"మేడమ్, అలాంటి గదులకి ఒక వరస ఉంటుంది. చక్రాల కుర్చీ ఉన్నవాళ్ళకి మొదట. తర్వాత చిన్నపిల్లలున్న కుటుంబాలకి పక్కపక్క గదులు. ఆ తర్వాత పెద్దవాళ్ళు, నొప్పులున్నవాళ్ళు, వాళ్ళకి లిఫ్టు దగ్గర. సముద్రం కనిపించాలన్నవాళ్ళు ఆఖరు. మీరడిగిన కిందగదిలోంచి పక్కగదిలోకి లోపల్నుంచి తలుపుంది, అందుకని పెద్దావిడా పిల్లలూ ఉన్న వాళ్ళకి ఇచ్చాం. మీది నొప్పుల్లో ఉంది మేడమ్."

"నొప్పులా?"

"మోకాళ్ళ నొప్పులని చెప్పారు సార్. ఫోన్లో." అమ్మాయి గొంతు తగ్గించింది. "తప్పుగా అనుకోకండి, మోకాళ్ళ నొప్పులు అందరూ చెప్తారు మేడమ్, కింద గది కోసం."

మోకాళ్ళ నొప్పులు. ఉన్న మోకాలు ఒకటి, అది గుండ్రాయిలా ఉంది. లేని మోకాలికి నొప్పి తగిలించి, రెంటినీ కలిపి బహువచనం చేశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందో తెలియక, చూపు పక్కకి తిప్పింది, అక్కడ ముసలావిడ ఉంది. ముసలావిడ ఇటే చూస్తోంది. చెవులు బాగానే వినిపిస్తాయి కాబోలు, మొత్తం వింది. ఇందాక తన నడక ఈమె చూసిందని ఆవిడకి తెలుసు. నేను చూశాను, ఆ పెద్దావిడ లేచి చేపల తొట్టి దాకా నడిచింది, అడగండి, ఆ పిల్లనడగండి. మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. ఒక్క మాట, గది తనదవుతుంది. ఇరవయ్యేళ్ళ అనుభవం, కుర్చీ మీద రిసార్టు పేరు, అరిగిన బూట్లు, కళ్ళారా చూసిన నడక, ఇంతకన్నా తక్కువ ఆధారాలతో ఎన్ని క్లెయిములు కొట్టేయలేదు? ముసలావిడ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. కళ్ళు మాత్రం దించలేదు. చెప్పు, చెప్పుకో, అన్నట్టుంది ఆ చూపు. రైల్లో తను బట్ట ఎత్తేముందు అలాగే చూసి ఉంటుందా? కూరగాయలావిడ కూడా కళ్ళారానే కదా చూసింది, దుక్కలాంటి మనిషిని. ఏమో, ఇది మోసమే కావచ్చు. కాకపోవచ్చు. అసలు ఆవిడతో తనకేం పని? ఆవిడకి కావాల్సింది ఆవిడవాళ్ళు అడిగారు, ఒక ముద్ద ఎక్కువే అడిగారు. తన కోసం అడగాల్సినవాడు, ఇదిగో, పక్కనే నిలబడి బల్ల అంచు గోకుతున్నాడు.

"మీరు చెప్పండి," అంది భర్తతో.

"ఏమని?"

"అదే నేనూ అడుగుతున్నాను పొద్దుట్నుంచీ. ఏముందో, ఏం లేదో, మీ నోటితో చెప్పండి ఆ అమ్మాయికి. నేను చెప్పను."

నిజంగానే చెప్పదల్చుకోలేదు. కావాలంటే తొట్టి ఉన్న గదిలోకే పోతుంది, పడుతుంది, మళ్ళీ సబ్బే అంటుంది. ఆయన బల్ల అంచు వదిలాడు. మెడ వాల్చాడు. ఎత్తాడు.  వాడక తుప్పు పట్టిన తాళం ఊడినట్టు, ఎంత గట్టిగా అనాలో అంచనా లేక, ఒక్కసారిగా అరిచేశాడు.

"మా ఆవిడకి ఎడమ కాలు లేదు. పైనుంచీ లేదు. నొప్పి కాదు, నేనే అలా చెప్పాను. కాలు... లేదు."

లాబీ అంతా చేపలతో సహా ఆగిపోయినట్టైంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యెత్తి, కళ్ళజోడు ఉందని మర్చిపోయి దాన్ని నేల మీద పడేశాడు. సిగ్గు కాదు. ఎవరూ సిగ్గుతో అలా అరవరు. ఈ మనిషికి ఆ మాట నోట్లో పెట్టుకుంటే మళ్ళీ ఆ లారీ వెనక్కి వస్తుంది. ఈ రెండేళ్ళూ దాన్ని అలా చేతులడ్డుపెట్టి ఆపుతున్నాడు కాబోలు. కాబోలు. ఆమె పూర్తిగా నమ్మలేదు, కానీ కళ్ళజోడు తీయడానికి ఆయన వంగినప్పుడు, ఆయన తల మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు, నలుగురూ చూస్తున్నారు.

కవలల్లో ఒకతి వచ్చి ఆమె ముందు నిలబడింది. "నీ కాలు ఎక్కడికి పోయింది?"

"ఛ, తప్పు, రా ఇటు," అంది తల్లి.

"లారీ తీసుకుపోయింది," అంది ఆమె.

"మళ్ళీ ఇస్తుందా?"

"ఇవ్వదు."

పిల్ల కాస్సేపు ఆలోచించి, "అడిగారా?" అంది. భర్త లేచి నిలబడుతూ పిల్ల వైపు అదోలా చూశాడు.

ఈలోగా అమ్మాయి ఎవరికో ఫోను చేసింది, మేనేజరు వచ్చాడు, క్షమించండి అన్నాడు, ఇంకోసారి అన్నాడు. చూస్తుండగానే ఇంకో గది పుట్టుకొచ్చింది. కిందే, ఆ చివర, వెడల్పు తలుపు, పీట, కడ్డీలు, అన్నీ ఉన్నాయట. ఇప్పటిదాకా లేని గది!

"ఇదెక్కడిది?" అంది ఆమె.

"ఒకటి ఎప్పుడూ పక్కన పెట్టి ఉంచుతామండీ. అప్పటికప్పుడు ఎవరైనా వస్తే."

"ఎవరైనా అంటే?"

"అవసరం ఉన్నవాళ్ళెవరైనా," అన్నాడు మేనేజరు. ఆ అవసరం అన్న మాట పలికిన తీరు చూస్తే, పెద్ద కారులో దిగేవాళ్ళ కోసమే ఆపి ఉంటారనిపించింది. అడగలేదు. కార్డు చేతిలో పడ్డాక అడగడం దేనికి.

లిఫ్టు దాటి నడవాలోకి తిరుగుతుంటే పక్క నుంచి చక్రాల చప్పుడు వచ్చింది. కళ్ళద్దాల కొడుకు తాళం తీయడానికి ముందుకెళ్ళాడు, ముసలావిడ కుర్చీ ఆమె పక్కనే ఆగింది.

"చూశావు కదా నన్ను. చెప్పలేదేం?"

"నడవగలరు కదా మీరు?"

"ఒక్కోసారి నడుస్తాను. ఒక్కోసారి నడుస్తూ నడుస్తూ కింద పడి ఉన్నట్టు తెలుస్తుంది, అంతే. ఎప్పుడు ఏదో నాకే తెలీదమ్మా, నీకేం చెప్పను." ఒళ్ళో దుప్పటి సర్దుకుని, "మావాడు మాత్రం నడవదనే చెప్తాడు అందరికీ. అలా చెప్తే గానీ వినరట," అంది. నిజమా అబద్ధమా? ఆవిడ మొహంలో ఏదీ దొరకలేదు. కొడుకు వచ్చి కుర్చీ తోసుకుపోయాడు.

గదిలోకి అడుగుపెడుతూనే ఆమె తలుపు వెడల్పు చేతులు చాపి చూసింది. స్నానాలగదిలో ఒక్కొక్క కడ్డీనీ పట్టుకుని ఒళ్ళంతా బరువేసి లాగింది, పీట మీద చేత్తో గట్టిగా నొక్కింది. ఊడలేదు. ఊడకపోయేసరికి కొంచెం నిరాశ కూడా కలిగింది. భర్త గుమ్మం దగ్గర పెట్టె పట్టుకుని, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. బాగానే ఉంది, అంది. ఆయన ఊపిరి వదిలాడు.  కాలు విప్పి గోడకి ఆనించి, కడ్డీ పట్టుకుని పీట మీద కూర్చుని, కుళాయి తిప్పింది. వేడినీళ్ళు భుజాల మీద పడుతుంటే, ఏమీ పట్టుకోకుండా, దేనికీ భయపడకుండా కళ్ళు మూసుకుని ఎన్నాళ్ళైందో అనిపించింది. దారిలో పట్టిన దుమ్మంతా పోయింది. బొటనవేలు దురద కూడా పోయింది.

నీళ్ళ చప్పుడులోంచి భర్త గొంతు వినిపించింది. రాత్రి భోజనానికి ఎవరికో చెబుతున్నాడు. మెట్లు లేనివైపు బల్ల కావాలండీ. మా ఆవిడకి ఒక కాలు లేదు. ఆమె కళ్ళు తెరిచింది. కాదండీ, నొప్పి కాదు, కాలు లేదు, ఎడమ కాలు. ఇందాకటి అరుపు కాదు, నిదానంగా, ఒక్కో మాటా నేల మీద పెట్టి చూసుకుంటూ అంటున్నాడు. మరీ నిదానంగా. అవతలివాళ్ళకి మాట్లాడే సందు కూడా ఇవ్వకుండా. ఆమె కుళాయి కట్టేసింది. తలుపు వైపు చెవి ఒగ్గి, ఒంటి మీద నీళ్ళు కారుతుండగా, కదలకుండా విన్నది. అవతల ఎవరూ ఏమీ అంటున్నట్టు లేదు.

"ఏమండీ, ఎవరితో మాట్లాడుతున్నారు?"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఎవరితోనూ కాదు," అన్నాడు బయటినుంచి. "ఇంకా ఫోను చేయలేదు. చేసేముందు... ఊరికే అనుకుని చూసుకుంటున్నాను."

ఆమె చెయ్యి కుళాయి మీదే ఉండిపోయింది. గోడకి ఆనించిన కాలు వైపు చూసింది, మూసిన తలుపు వైపు చూసింది.

"ఇంకోసారి అనండి," అంది. "ఇక్కడికి సరిగ్గా వినపళ్ళేదు."